ఖరగ్‌పూరు కార్మికబంధువు — శ్రీ వరాహగిరి వెంకటగిరి

భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన మహనీయులలో కార్మికసంఘపు కచేరీ నుండి రాష్ట్రపతి భవనమునకు నడచి వచ్చినవారు శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు. ఆయన నాల్గవ రాష్ట్రపతి యని బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని ఆ నడకలో తొలి యడుగులు కొన్ని ఖరగ్‌పూరు నేలమీద, రైల్వే కర్మాగారపు గేట్ల యెదుట పడినవని యెఱిగినవారు తక్కువ. పొట్ట చేతబట్టుకొని వంగదేశమునకు వచ్చిన తెలుగు కార్మికుల చరిత్రమును, వారి పక్షమున నిలిచిన యీ నాయకుని చరిత్రమును ఒకచోట చేర్చి చూచినపుడే రెండింటి విలువయు స్పష్టమగును.

జననము, విద్య

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించిరి. నాడు బరంపురము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు ఆ పట్టణము అందులో చేరినది. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు. ఎల్ల మాత్రము కదలి, అచ్చటి తెలుగువారిని ప్రవాసాంధ్రులను జేసినది. పరభాషల నడుమ తన భాషను నిలుపుకొని బ్రతుకుట యెట్టిదో గిరిగారు పుట్టిన యూరిలోనే నేర్చిరి.

తండ్రి వెంకట జోగయ్య పంతులుగారు పేరుపడిన న్యాయవాది, కాంగ్రెసువాది. తరువాతి కాలమున గంజాము, విశాఖపట్టణము జిల్లాల ప్రతినిధిగా కేంద్ర శాసనసభలో కూర్చుండిరి. తల్లి సుభద్రమ్మగారు శాసనోల్లంఘన దినములలో మద్యనిషేధమునకై నడుము కట్టి నిర్బంధమునకు గురియైన ధీరురాలు. ఇట్టి యింట దేశసేవ యనునది వేఱుగా నేర్పవలసిన పాఠము కాదు.

బరంపురములోని కల్లికోట కళాశాలలో చదివిన పిమ్మట, 1913లో న్యాయశాస్త్రము నభ్యసించుటకు గిరిగారు ఐర్లండులోని డబ్లిను నగరమునకు వెళ్ళిరి. ఐర్లండు నాడు భారతదేశమువలెనే ఆంగ్లేయుల యేలుబడిలో నుండి, స్వాతంత్ర్యమునకై పెనగులాడుచున్న దేశము. ఆయన వెళ్ళిన సంవత్సరముననే ఆ నగరమున నొక గొప్ప సంఘటన జరిగినది. కార్మికసంఘమును విడిచిపెట్టుదుమని వ్రాసి యిచ్చిననే పని యిత్తుమని యజమానులు పట్టుబట్టిరి. ట్రాముబండ్లవారితో మొదలైన ఆ తగవు నగరమంతటికి ప్రాకి, దాదాపు 20,000 మంది కార్మికులకు పని తలుపులు మూతపడినవి. లార్కిను, కనోలీ యను నాయకులు కార్మికుల పక్షమున నిలిచిరి. 1914 ఆరంభమున ఆకలికి తాళజాలక కార్మికులు తిరిగి పనిలోనికి పోవలసి వచ్చినను, సంఘము మాత్రము చావలేదు. ఈ సంఘటనయు, కనోలీ భావములును ఆ యువకుని మనస్సున గాఢముగా నాటుకొనినవి.

1914లో లండనులో గాంధీమహాత్ముని దర్శించు భాగ్యము కూడ గిరిగారికి లభించినది. దక్షిణాఫ్రికాలోని భారతీయుల యిడుములను గూర్చి తోటి విద్యార్థులతో గలసి ప్రచారము చేసిరి. 1916లో డబ్లినులో ఈస్టరు తిరుగుబాటు చెలరేగెను. ఐరిషు దేశభక్తులతో చెలిమి చేసిన యీ భారతీయ విద్యార్థిని ప్రభుత్వము అనుమానించి, దేశము విడిచి పోవలసినదని యుత్తరువు చేసెను. ఆయన బారిస్టరై తిరిగి వచ్చి, మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసికొని వకీలువృత్తి నారంభించిరి. హోంరూలు ఉద్యమమున పాల్గొనిరి. 1920లో మహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపు నీయగా, సాగుచున్న వృత్తిని విడిచిరి. 1922లో మద్యపు దుకాణములకు వ్యతిరేకముగా ప్రదర్శనలు జరిపి నిర్బంధింపబడిరి.

ఖరగ్‌పూరు, తెలుగువారు

బారిస్టరు కార్మికనాయకుడైన తీరు తెలియవలెనన్న, రైలుమార్గమును గూర్చి కొంత చెప్పవలెను. బెంగాలు–నాగపురము రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి దాని మార్గములు ఖరగ్‌పూరున కూడుకొనినవి. కలకత్తా నుండి వచ్చు దారి, నాగపురమువైపు పోవు దారి, కటకము మీదుగా దక్షిణమునకు దిగు దారి యిచ్చట కలిసినవి. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో పెద్ద కర్మాగారము వెలసినది. దక్షిణపు దారి బరంపురము, పలాస, విజయనగరము మీదుగా వాల్తేరు వఱకు ఆ కంపెనీదే. కావున గంజాము, విశాఖపట్టణము జిల్లాలలోని పల్లెలకు ఖరగ్‌పూరు ఒకే కంపెనీ బండిలో చేరదగిన యూరైనది.

ఆ జిల్లాలలో వానలు తప్పిన యేడు కూలిపని యుండదు. రంగూను పోవు ఓడలెక్కినవారు ఎక్కిరి. సముద్రము దాటుటకు వెఱచినవారు రైలెక్కిరి. ఒకడు వచ్చి కుదురుకొనిన పిమ్మట తమ్ముని, బావమఱదిని, ఊరివారిని పిలిపించుకొనుట పరిపాటియైనది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, బాయిలరు పనివారుగా, ఇంజనులలో బొగ్గు వేయువారుగా, పట్టాలు సరిచూచు గ్యాంగుమన్‌లుగా వారు రైల్వేలో కలిసిపోయిరి. రైలుశాఖ పరిభాషలో ట్రాఫిక్ అనగా బండ్ల రాకపోకలు నడుపు విభాగము. ఆ మాటయే ఖరగ్‌పూరులో నొక వాడకు పేరై నిలిచినది. ట్రాఫిక్, మథురాకాఠీ, నింపురా, ఓల్డు సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు — ఈ పేళ్ళు శ్రీకాకుళపు పల్లెలలోని ముసలమ్మలకు సైతము చుట్టపు టూళ్ళ పేళ్ళవలె నోటబడినవి.

వచ్చినవారు వట్టి చేతులతో రాలేదు. వెంట భాషను, అమ్మవారిని తెచ్చుకొనిరి. ఇంటిలో తెలుగు, కర్మాగారమున హిందుస్తానీ, గోల్‌బజారులో బంగాళీ — మూడు భాషలు ఒకే దినమున పలుకుట పిల్లలకు సైతము అలవడినది. దసరాలలో బంగాళీల దుర్గాపూజను తమ పండుగగా జేసికొనిరి. తమ మాతపూజలో తలపై ఘటములతో సాగు ఊరేగింపును చూచుటకు బంగాళీలు వీధులలో నిలిచిరి. పండుగలకు, పెండ్లిండ్లకు పాసు వ్రాయించుకొని స్వగ్రామమునకు పోయి వచ్చుచు, రెండూళ్ళవారుగా బ్రతికిరి.

ఈ జీవితమున నొక పెద్ద బలహీనత యుండెను. ఉద్యోగము కంపెనీది, క్వార్టరు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, ఊరికి పోవు పాసును కంపెనీదే. స్వగ్రామమున కూలివానికి పని పోయినచో నొక్క పనియే పోవును. ఇచ్చట పని పోయినచో తలదాచుకొను కప్పుకూడ పోవును. పైయధికారములన్నియు ఐరోపావారివి, వారి పిమ్మట ఆంగ్లో–ఇండియనులకు మేలైన ఉద్యోగములు, మేలైన యిండ్లు. చివరి వరుసలో నున్నవారికి సంఘము తప్ప వేఱొక యండ లేదు.

1927వ సంవత్సరము

ఇట్టి స్థితిలో గిరిగారు ఈ రైలుకార్మికుల పక్షము వహించిరి. బెంగాలు–నాగపురము రైల్వే కార్మికసంఘ నిర్మాతలలో ఆయన ప్రముఖులు. తరువాత ఏర్పడిన అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యకును ఆయన సంస్థాపకులలో నొకరై, ప్రధాన కార్యదర్శిగా చాలకాలము పనిచేసిరి. 1926 జనవరిలో మద్రాసున జరిగిన అఖిల భారత ట్రేడ్ యూనియను కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిరి. కార్మికసంఘములకు చట్టబద్ధమైన గుర్తింపు నిచ్చిన ట్రేడ్ యూనియనుల చట్టము వచ్చినదియు ఆ యేడే.

గిరిగారి తెలుగు ఖరగ్‌పూరు కార్మికులకు పెద్ద బలము. బారిస్టరు గారితో మాటాడుటకు దుబాసీ యక్కఱలేదు. పలాసవాడు తన పలుకుబడిలోనే తన గోడు వినిపింపవచ్చును. అయినను ఆయన ఆ సంఘమును తెలుగువారి సంఘముగా చేయలేదు. బంగాళీ గుమాస్తా, ఒడియా గ్యాంగుమన్, బీహారు ఖలాసీ, ముస్లిము కమ్మరి — అందఱు నొక్క జాబితాలో నుండవలెనన్నదే ఆయన పట్టుదల. ఒక భాషవారు విడిపోయిననాడు కంపెనీకి పని సులభమగునని డబ్లినులో చదువుకొని వచ్చినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూరున సమ్మె ఆరంభమాయెను. స్టేషనులో గుమిగూడిన కార్మికులపై సాయుధదళము బలప్రయోగము చేసెను, తుపాకులు ప్రేలినవి. అది విని కర్మాగారము స్తంభించెను, సమ్మె ఇతర స్టేషనులకు ప్రాకెను. దాదాపు నెల దినములు సాగి మార్చిలో ముగిసెను. ఆ యేడాది జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు గిరిగారు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి. దేశదేశముల ప్రతినిధుల యెదుట కూర్చుండిన ఆ మనుష్యునికి కొన్ని నెలల ముందటి ఖరగ్‌పూరు మఱపునకు వచ్చియుండదు.

తిరిగి వచ్చునప్పటికి పెద్ద గండము కాచుకొనియుండెను. సెప్టెంబరులో కంపెనీ ఖరగ్‌పూరు కర్మాగారమున ఉద్యోగుల తగ్గింపును ప్రకటించెను. ఉద్వాసన చెప్పదలచిన వారి సంఖ్య వేయికి మించెను. పనివారు లోపల ప్రవేశించి పనిముట్లు ముట్టక ఊరకుండి తమ నిరసనను తెలిపిరి. కంపెనీ గేట్లు మూసి లాకౌటు ప్రకటించెను. డబ్లినులో విద్యార్థిగా చూచినది పదునాలుగేండ్లకు గిరిగారి యెదుట మరల నిలిచినది. ఈమాఱు ప్రేక్షకుడుగా నుండుటకు వీలులేదు.

జీతము లేక నెల గడచుట యెట్టిదో ఉద్యోగుల కుటుంబములకు చెప్పనక్కఱలేదు. ఆ దినములలో మూడు నెలలు గడచినవి. దసరా వచ్చినది, దీపావళి వచ్చినది; గోల్‌బజారు కొట్లలో అప్పు పెరిగినది. భార్యాబిడ్డలను స్వగ్రామమునకు పంపివేసినవారు కొందఱు, నగలు కుదువబెట్టినవారు కొందఱు. ఇట్టి వేళ కోపము చెలరేగుట సులభము. ఒక్క ఱాయి పడినచో తుపాకికి సాకు దొరకును. అహింస తప్పక, సంఘము చీలక, చర్చలకు దారి మూయక పోరాటమును నడపుటయే నాయకుని పని. డిసెంబరులో గేట్లు తెఱచుకొనినవి. ఉద్యోగములు పోయినవారి హక్కుల విషయమున ప్రభుత్వమును, కంపెనీయును రాజీకి రాక తప్పినది కాదు. కోరినదంతయు దక్కలేదు, కాని కంపెనీ ఏకపక్షముగా నుత్తరువు వ్రాసి అంటించి ఊరకుండు కాలము నాటితో చెల్లినది.

ఈ యనుభవము నుండి గిరిగారు ఒక సిద్ధాంతమును జేసికొనిరి. సమ్మె ఆయుధమే కాని అన్నము కాదు. కార్మికుడు, యజమాని ఎదురెదురుగా కూర్చుండి, బలమైన సంఘము ద్వారా మాటాడుకొని తేల్చుకొనవలెను. ప్రభుత్వపు తీర్పుకై యెదురుచూచు అలవాటు కార్మికునికి మేలు చేయదు. తరువాత దేశమున గిరి పద్ధతి యని పేరుపొందిన విధానమునకు ఖరగ్‌పూరు లాకౌటు పునాదులలో నొకటి యనుట సాహసము కాదు.

పదవులు, త్యాగములు

1929లో నాగపురమున ట్రేడ్ యూనియను కాంగ్రెసు చీలినపుడు గిరిగారు, ఎన్. ఎం. జోషీ ప్రభృతులు వేఱుగా సమాఖ్య నెలకొల్పిరి. 1931లో రెండవ రౌండు టేబులు సమావేశమునకు కార్మిక ప్రతినిధిగా వెళ్ళిరి. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. 1936 డిసెంబరున బెంగాలు–నాగపురము రైల్వేలో మరల పెద్ద సమ్మె సాగి, 1937 ఫిబ్రవరి వఱకు నిలిచెను. ఆ నెలలోనే మద్రాసు శాసనసభ యెన్నికలు. బొబ్బిలి నియోజకవర్గమున సాక్షాత్తు బొబ్బిలి రాజాగారినే, నాటి ప్రభుత్వాధినేతనే గిరిగారు ఓడించిరి. కోటకు, పేటకు జరిగిన ఆ పోటీలో పేట గెలిచినది. పిదప రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించి, 1939లో కాంగ్రెసు ఆదేశముమేరకు తోడి మంత్రులతో పాటు పదవిని త్యజించిరి. 1942లో రెండవమాఱు ట్రేడ్ యూనియను కాంగ్రెసు అధ్యక్షులైరి. క్విట్ ఇండియా ఉద్యమమున నిర్బంధింపబడి, వేలూరు కారాగారమునను, మహారాష్ట్ర ప్రాంతపు అమరావతి కారాగారమునను 1945 వఱకు గడపిరి. విడుదలైన పిమ్మట 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికమంత్రి యైరి. ఇంతలో 1944 అక్టోబరు 1వ తేదీన బెంగాలు–నాగపురము కంపెనీ చేతినుండి రైల్వే ప్రభుత్వము వశమైనది.

1947 నుండి 1951 వఱకు గిరిగారు సింహళమున భారత హైకమిషనరుగా నుండిరి. 1948లో ఆ దేశము చేసిన పౌరసత్వ చట్టమువలన తేయాకు తోటలలో తరతరములుగా శ్రమించిన భారతీయులలో అధికసంఖ్యాకులు పౌరసత్వము లేనివారైరి. పని చేసిన నేల తమది కాదన్న మాట వినుట యెంత కఠినమో ఖరగ్‌పూరు క్వార్టర్ల నెఱిగిన రాయబారికి తెలియును.

1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గమున కార్మికశాఖను స్వీకరించిరి. ఆయన జీవితమున మిక్కిలి వెలుగొందిన ఘట్టము 1954 ఆగస్టులో సంభవించినది. బ్యాంకు ఉద్యోగుల తగవులో అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను. ట్రిబ్యునలు తీర్పును మన్నింపుడని కార్మికులకు చెప్పిన నోటితోనే ఆ సవరణను సమర్థించుట కార్మికమంత్రికి సాధ్యము కాలేదు. గిరిగారు రాజీనామా సమర్పించిరి. కేంద్ర మంత్రిపదవిని ఉద్యోగుల జీతముల కొఱకు వదలుకొనుట అరుదైన విషయము. తరువాత ఏర్పడిన గజేంద్రగడ్కర్ కమిషను 1955లో నివేదిక నిచ్చిన పిమ్మట ఆ తగవు పరిష్కారమునకు వచ్చినది.

1957 ఎన్నికలలో పార్వతీపురమున ఓటమి కలిగినను ప్రజాసేవకు అంతరాయము కలుగలేదు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు వరుసగా గవర్నరుగా నుండిరి. భారత కార్మిక ఆర్థికశాస్త్ర సంఘమునకు ప్రథమాధ్యక్షులైరి. 1967లో ఉపరాష్ట్రపతి యైరి.

రాష్ట్రపతి భవనమున

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుసేనుగారు స్వర్గస్థులు కాగా, గిరిగారు ఆ బాధ్యతలను తాత్కాలికముగా వహించిరి. జూలైలో వానిని వదలి, ఏ పార్టీ టిక్కెట్టును లేక స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి నిలిచిరి. ఎదుట నిలిచినవారు మఱియొక తెలుగు ప్రముఖులు, శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. తొలి లెక్కలో ఎవరికిని చాలినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 ఓట్ల విలువ తేలెను. 1969 ఆగస్టు 24వ తేదీన గిరిగారు రాష్ట్రపతిగా ప్రమాణము చేసిరి. ఆ యెన్నికపై వ్యాజ్యము నడువగా, 1970లో పదవిలో నుండియే సుప్రీముకోర్టు యెదుటికి స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. వ్యాజ్యము కొట్టివేయబడెను.

పదవీకాలము ముగియవచ్చిన దినములలో విధి యొక కఠినపరీక్ష పెట్టినది. 1974 మే 8వ తేదీన దేశమంతట రైల్వే సమ్మె ఆరంభమై, 27వ తేదీ వఱకు సాగెను. దానికి నాయకత్వము వహించిన జార్జి ఫెర్నాండెజు నాడు అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యకు అధ్యక్షులు. ఏ సమాఖ్యకు యౌవనమున గిరిగారు పునాది వేసిరో, ఆ సమాఖ్యయే బయట నిలిచెను. ఆయన పేరుతో నడచు ప్రభుత్వము ఎదుట నిలిచెను. వేలాది ఉద్యోగులు నిర్బంధింపబడిరి. పెక్కు కాలనీలలో కుటుంబములు క్వార్టర్లు ఖాళీ చేయవలసి వచ్చెను. రాజ్యాంగము రాష్ట్రపతిని మంత్రివర్గపు సలహాకు కట్టివేసినది. 1954లో మంత్రిగా రాజీనామా చేయుటకు దారి యుండెను. 1974లో ఆయన ఆసనము వేఱు, దాని మర్యాద వేఱు. ఆయన మంత్రివర్గపు సలహాకు లోబడియే పదవీకాలమును పూర్తిచేసిరి. దీనిని మెచ్చుకొనినవారు కలరు, నిష్ఠురమాడినవారును కలరు. సమ్మె చేసినవారి యిండ్లలో ఆ నిష్ఠురము చాలకాలము నిలిచినది. గొప్పవారి జీవితమును వ్రాయునపుడు ఈ ఘట్టమును దాచుట వారికి గౌరవము కాదు.

1974 ఆగస్టు 24వ తేదీన గిరిగారు పదవీ విరమణ చేసిరి. 1975లో భారతరత్న బిరుదము ఆయనను వరించెను. సుఖదుఃఖములలో తోడు నిలిచిన సరస్వతీబాయిగారితోను, పదునలుగురు సంతానముతోను ఆయన కుటుంబము పెద్దది. కార్మికులను గూడ లెక్కించినచో మఱింత పెద్దది. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో ఆయన పరమపదించిరి. 1995లో నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టబడినది.

1955 నుండి ఆగ్నేయ రైల్వేలోని ముఖ్యకేంద్రములలో నొకటియైన ఖరగ్‌పూరునకు పొడవైన ప్లాట్‌ఫారము వలనను, 1951లో హిజ్లీ నిర్బంధశిబిరపు భవనమున వెలసిన సాంకేతిక విద్యాలయము వలనను పేరు వచ్చినది. దానితోపాటు స్మరింపవలసిన మఱియొక గౌరవము దానికి కలదు. మూడు నెలలు జీతము లేక నిలిచిన ఖలాసీలు, ఫిట్టర్లు, వారి యిల్లాండ్రు ఒక నాయకుని తీర్చిదిద్దిరి. నాయకుడు కార్మికులకు నేర్పినదెంతో, కార్మికులు నాయకునికి నేర్పినదియు నంత. ట్రాఫిక్ వాడలో పుట్టి పెరుగుచున్న తెలుగుబిడ్డకు తన తాతముత్తాతలు ఈ యూరికి వట్టి బ్రతుకుతెఱువుకై వచ్చిన పరదేశులని తోచవచ్చును. వారు వచ్చినది బ్రతుకుతెఱువుకే. కాని వచ్చి, దేశచరిత్రలో నొక పుటను తమ ఆకలితో వ్రాసిరి. ఆ పుటను చదివి, పరభాషల నడుమ తమ భాషను, పలు కులమతముల నడుమ తమ ఐకమత్యమును కాపాడుకొనుటయే గిరిగారికి ఖరగ్‌పూరు ఆంధ్రులు సమర్పింపదగిన నివాళి.